కారు వెనక సీట్లో పాడిన కుర్రాడు: ఇండీ ఆల్బమ్‌ల రివ్యూలు చదవడం ఎలా

సినిమా రివ్యూ తెరవగానే మన వేలు తిన్నగా కింద రేటింగ్ దగ్గరికి పోతుంది. 2.75 అని కనపడితే చాలు, పైన రాసిందంతా ఇక చదివేదెవరు. ఆల్బమ్‌ల విషయంలోనూ చాలామంది ఇదే చేస్తారు, నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. పెద్ద కంపెనీ నుంచి వచ్చే పాప్ ఆల్బమ్‌కి ఈ అలవాటుతో పోయేదేం లేదు కానీ, సొంతంగా రికార్డు చేసుకుని సొంతంగా వదిలే ఇండీ రాక్ వాళ్ల దగ్గర మాత్రం ఇది నిలువునా మోసం చేస్తుంది. అక్కడ రివ్యూలో ఏం రాశారన్నది ఒక ఎత్తయితే, అది ఎప్పుడు వచ్చింది, అసలు వచ్చిందా లేదా, రాసినవాళ్లు విన్నది ఏ వెర్షన్ అన్నది ఇంకో ఎత్తు.

ఊరికే చెబితే గాల్లో మాటల్లా ఉంటుంది కాబట్టి ఒక్కరిని పట్టుకుని చూద్దాం. అమెరికాలో వర్జీనియా కుర్రాడు విల్ టొలీడో. 1992లో పుట్టాడు. పాడుతుంటే ఎవరూ వినకూడదని కారు వెనక సీట్లో కూర్చుని గొంతు రికార్డు చేసుకునేవాడు, అందుకే పేరు కూడా కార్ సీట్ హెడ్‌రెస్ట్ అని పెట్టుకున్నాడు. 2010 నుంచి బ్యాండ్‌క్యాంప్‌లో, అంటే కళాకారులు తమ పాటల్ని నేరుగా పెట్టి అమ్ముకునే సైట్‌లో, ఆల్బమ్ మీద ఆల్బమ్ పెట్టుకుంటూ పోయాడు, మొదటి నాలుగింటికి పేర్లు కూడా లేవు, 1, 2, 3, 4 అంతే. 2015లో మటాడోర్ రికార్డ్స్ అనే లేబుల్, అంటే ఆల్బమ్‌లు విడుదల చేసే కంపెనీ, తీసుకుంది. అది కూడా స్వతంత్ర లేబులే కాబట్టి ఇండీ అన్న మాట అలాగే ఉండిపోయింది గానీ, రివ్యూలు రాసేవాళ్ల లోకంలోకి అతను అడుగుపెట్టింది మాత్రం అప్పుడే.

మొట్టమొదట చేయాల్సిన పని ఒక షీట్ తెరవడం. గూగుల్ షీట్ అయినా సరే, నోట్‌బుక్ అయినా సరే. ఒక్కో విడుదలకి రెండు తేదీలు రాయండి: పాటలు మొదట బయటికి వచ్చిన తేదీ, రివ్యూ వచ్చిన తేదీ. ఈ రెండో కాలమ్ ఎందుకో నాకు బాగా బుద్ధొచ్చాక తెలిసింది. ఒకసారి ఒక సైట్‌కి ఇతని ఆల్బమ్‌ల గురించి రాస్తూ, ట్విన్ ఫాంటసీ 2011లో వచ్చింది కదా అని దానికింద రివ్యూలన్నీ పొందిగ్గా పేర్చి, "పంతొమ్మిదేళ్ల కుర్రాడికి విమర్శకులు అప్పుడే హారతి పట్టారు" అని గొప్పగా రాసి పంపాను. చదివిన ఒకాయన ఒకే ఒక్క ముక్క రాశాడు: "లింకుల మీద తేదీ చూశారా?" చూస్తే అన్నీ 2018వి. అదే ఆల్బమ్‌ని అతను మొత్తం మళ్లీ రికార్డు చేసి 2018 ఫిబ్రవరిలో వదిలాడు, నేను పేర్చినవన్నీ దాని రివ్యూలు. 2011లో దాన్ని పట్టించుకున్న పెద్ద పత్రిక నాకు కనపడలేదు. అంటే నేను రాసింది పూర్తిగా తలకిందులు: విమర్శకులు ఆ పాటల దగ్గరికి రావడానికి ఏడేళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ ఖాళీ గురించి. షీట్‌లో 2010 నుంచి 2014 దాకా రివ్యూల గడులన్నీ దాదాపు ఖాళీగానే ఉంటాయి. చూడగానే "ఆదరణ లేదు" అని రాసేయకండి. రివ్యూ రావాలంటే ఎవరో ఒకరు పత్రికలకి ముందుగా కాపీ పంపాలి, ఎడిటర్ ఎవరికో అప్పజెప్పాలి, విడుదల రోజుకి అచ్చు కావాలి, ఈ పనంతా చేసేది లేబులూ దాని ప్రచారం చూసేవాళ్లూ. గదిలో కూర్చుని అప్‌లోడ్ బటన్ నొక్కిన కుర్రాడికి అదేదీ లేదు. ఆ రోజుల ఆదరణ వెతకాలంటే వేరే చోట వెతకాలి: బ్యాండ్‌క్యాంప్ పేజీలో కొన్నవాళ్లు రాసిన నాలుగు మాటలు, వినేవాళ్లే రేటింగులు ఇచ్చే రేట్ యువర్ మ్యూజిక్ సైట్‌లో పాత తేదీల రివ్యూలు, అభిమానుల చర్చలు. ఇవి విమర్శ కాదనుకోండి, కానీ మటాడోర్ వాళ్ల దాకా ఇతని పేరు వెళ్లిందంటే ఆ వినేవాళ్ల పుణ్యం కూడా ఉంది. షీట్‌లో వీటిని వేరే రంగులో పెట్టుకోండి, కలిపేస్తే తర్వాత విడదీయలేరు.

ఇక నంబర్ల సంగతి. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే అందరూ జారిపడేది ఇక్కడే. రకరకాల పత్రికల రివ్యూల్ని ఒకచోట చేర్చే సైట్ మెటాక్రిటిక్, అందులో కనపడే పెద్ద అంకె మామూలు సగటు కాదు. వచ్చిన రివ్యూలన్నిటినీ వందకి మారుస్తారు, కొన్ని పత్రికలకి ఎక్కువ బరువు ఇచ్చి లెక్కేస్తారు. ఎవరికి ఎంత బరువు అన్నది బయటపెట్టరు. కనీసం నాలుగు రివ్యూలు ఉంటే తప్ప అంకె రాదు, కాబట్టి చిన్న కళాకారుల ఆల్బమ్‌లకి చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. అసలు తిరకాసు ఆ మార్చడంలో ఉంది. బి ప్లస్ ఇస్తే అది 83 అవుతుంది. అయిదింటికి మూడు స్టార్లు ఇస్తే 60 అవుతుంది. సంగీతానికి ఆకుపచ్చ రంగు మొదలయ్యేది 61 దగ్గర, కాబట్టి 60 అంటే పసుపు, "మిశ్రమం". కానీ రోలింగ్ స్టోన్ స్టార్ల లెక్కలో చాలా కాలం పాటు మూడంటే "బాగుంది" అనే అర్థం! రాసినాయన బాగుందన్నాడు, మెషిన్ అటూ ఇటూ కాదంది. మార్కుల మెమోలో 59 వేసి సెకండ్ క్లాస్ చేతిలో పెట్టినట్టు.

అందుకని ఏం చేయాలంటే, వందకి మార్చిన అంకె కాకుండా పత్రిక అసలు ఇచ్చిన రూపమే రాసుకోండి. స్టార్లయితే స్టార్లు, అక్షరమైతే అక్షరం, పిచ్‌ఫోర్క్ అనే నెట్ సంగీత పత్రిక అయితే 0.0 నుంచి 10.0 దాకా దశాంశంతో సహా. పక్కన ఆ పత్రిక అప్పట్లో మామూలుగా ఎంత ఇచ్చేదో ఒక అంచనా ఉంటే ఇంకా మంచిది. అందరికీ నాలుగు స్టార్లు పంచే చోట నాలుగు వస్తే గొప్పేం లేదు. ఒక్క దశాంశం తేడా మీద గంటలు కొట్టుకునే అభిమానులు ఉంటారు, వాళ్లకో దండం.

నంబరు అయిపోయాక రివ్యూ చదవండి, కానీ పెన్ను పట్టుకుని. నేను చేసేది ఇది: ప్రింట్ తీసుకుని మూడు రకాలుగా గీస్తాను. కళాకారుడి జీవితకథ చెప్పే వాక్యాల కింద ఒక గీత, వేరే బ్యాండ్లతో పోల్చే వాక్యాల కింద రెండు గీతలు, చెవికి నిజంగా వినపడే దాని గురించి, అంటే డ్రమ్స్, గొంతు, పాట ఎక్కడ మలుపు తిరిగింది లాంటి వాటి చుట్టూ సున్నా. టీన్స్ ఆఫ్ స్టైల్ రివ్యూ ఒకటి ఇలా గీసి చూడండి. అది 2015 అక్టోబర్‌లో మటాడోర్ నుంచి వచ్చిన మొదటి ఆల్బమ్, అందులోవి ఎక్కువగా పాత బ్యాండ్‌క్యాంప్ పాటలే, మళ్లీ రికార్డు చేసినవి. పెద్ద పత్రికలకి మాత్రం అతను కొత్తవాడు, కాబట్టి కారు సీటు కథతోనూ, నెట్‌లో పెట్టిన ఆల్బమ్‌ల లెక్కతోనూ ఒక గీత వాక్యాలు నిండిపోతాయి. తర్వాత గైడెడ్ బై వాయిసెస్, పేవ్‌మెంట్ పేర్లు వస్తాయి, అవి రెండూ మటాడోర్ బ్యాండ్లే అని గమనించండి. సున్నాలు మిగిలేది కొంచెమే. అంటే ఆ రివ్యూల్లో మెచ్చుకోలు చాలావరకు పరిచయానికి వచ్చింది, పాటలకి కాదు. ఇది తప్పని కాదు, కొత్త అల్లుడు ఇంటికొస్తే ముందు ఊరూ పేరూ అడుగుతారు కదా. కానీ "పాటలు గొప్పగా ఉన్నాయన్నారు" అని మీరు రాసేముందు సున్నాలు లెక్కపెట్టుకోండి.

2016 మే నెలలో వచ్చిన టీన్స్ ఆఫ్ డినయల్ దగ్గర ఈ లెక్క మారుతుంది. పిచ్‌ఫోర్క్ తనకి బాగా నచ్చిన కొత్త ఆల్బమ్‌లకిచ్చే బెస్ట్ న్యూ మ్యూజిక్ ముద్ర వేసింది, ఆ ఏడాది చివర జాబితాలు చాలావాటిలో పేరుంది. రివ్యూల్లోనూ పాటల గురించి మాటలు పెరిగాయి, ఎందుకంటే పదకొండున్నర నిమిషాల పాట పెట్టి దాన్ని మునిగిపోయిన ఓడ మీద నడిపించినవాడి గురించి రాస్తూ కారు సీటు దగ్గరే ఆగిపోవడం ఎవరికైనా కష్టమే.

ఈ ఆల్బమ్‌తోనే ఇంకో జాగ్రత్త నేర్చుకోవచ్చు. ఒక పాటలో ది కార్స్ బ్యాండ్ పాత పాట ముక్క వాడుకున్నాడు, విడుదలకి కొద్ది రోజుల ముందు ఆ పాట రాసిన రిక్ ఒకాసెక్ ఒప్పుకోలేదని తేలింది. అచ్చయిన సీడీలు, ఎల్పీలు వెనక్కి తెప్పించి నాశనం చేయాల్సి వచ్చింది, టొలీడో కూర్చుని ఆ పాటని మార్చి ఇచ్చాడు. కాబట్టి ఆ పాట గురించి ప్రత్యేకంగా ఏదైనా రాసిన రివ్యూ దొరికితే, రాసినాయన విన్నది మనకి ఇప్పుడు దొరికేదేనా అని ఒకసారి చూసుకోవాలి. 2020లో వచ్చిన మేకింగ్ ఎ డోర్ లెస్ ఓపెన్ అయితే మరీ చిత్రం: ఎల్పీ ఒకలా, సీడీ ఒకలా, స్ట్రీమింగ్ ఒకలా, కొన్ని పాటల వెర్షన్లూ వరసా వేరు వేరు. షీట్‌లో "ఏ వెర్షన్" అని ఇంకో కాలమ్ పెట్టండి. తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.

ఆ 2020 ఆల్బమ్‌కి వచ్చిన రివ్యూలు అంత గొప్పగా లేవు. గిటార్లు తగ్గాయి, ఎలక్ట్రానిక్ మోత పెరిగింది, మనిషేమో గ్యాస్ మాస్క్ వేసుకుని వేరే అవతారంలో వచ్చాడు. ఇలాంటి చోట మనం చేసే బద్ధకపు పని "మిశ్రమ స్పందన లభించింది" అని ఒక ముక్క రాసి పక్కకి జరగడం. ఆ మాట రాయకండి, ప్లీజ్. మిశ్రమం రెండు రకాలు: అందరూ "పర్లేదు" అనడం ఒకటి, సగం మంది అద్భుతం, సగం మంది చెత్త అనడం ఇంకోటి. సగటు తీస్తే రెండూ ఒకే అంకె. పైగా విమర్శకుడు పాత ఆల్బమ్‌తో పోల్చి నిరాశపడ్డాడా, లేక ఈ ఆల్బమ్‌లోనే అతుకులు కనపడ్డాయా అన్నది విడిగా చూడాలి. హాలీవుడ్ అనే పాట మీద చాలామంది విసుక్కున్నారు, నేనూ ఆ జట్టే. కానీ ఒక్క పాట మీద కోపాన్ని ఆల్బమ్ మొత్తానికి పూయడం ఎంత మామూలో ఈ ఆల్బమ్ రివ్యూలు చదివితే తెలుస్తుంది.

ఇదంతా కాగితం మీద పని. చెవితో చేసే పని ఒకటుంది, అది తప్పించుకోకండి. ట్విన్ ఫాంటసీలో బీచ్ లైఫ్ ఇన్ డెత్ అనే పాట ఉంది, పాత దాంట్లో పన్నెండు నిమిషాలు, కొత్త దాంట్లో పదమూడు దాటుతుంది. రెండూ వరసగా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ బోర్లా పెట్టి వినండి. పాత దాంట్లో గొంతు పక్కగదిలోంచి వస్తున్నట్టు, గట్టిగా అరిచిన చోటల్లా మైకు చిరిగిపోతున్నట్టు ఉంటుంది, మాటలు సగం అర్థం కావు. కొత్త దాంట్లో పూర్తి బ్యాండ్, డ్రమ్స్ గుండెకి తగులుతాయి, ప్రతి మాటా తెలుస్తుంది. ఇంకో పాటలో మధ్యన మాట్లాడే భాగాన్ని అయితే పూర్తిగా మార్చేశాడు. విన్నాక 2018 రివ్యూలు తిరిగి తెరవండి. కొత్త రికార్డింగ్ మెరుగు అన్నవాళ్లు ఏ చోటు గురించి అంటున్నారో, పాతదే ముద్దు అనే అభిమానులు దేన్ని వదులుకోలేకపోతున్నారో అప్పుడు తెలుస్తుంది. నాకైతే మొదటి మూడు నిమిషాలు పాతదే, మిగతా అంతా కొత్తదే.

విమర్శకుల మాట రాతి మీద రాతేమీ కాదని కూడా గుర్తుంచుకోండి. ఇదే మటాడోర్ నుంచి 1993లో మొదటి ఆల్బమ్‌తో వచ్చిన లిజ్ ఫేర్‌ని చూడండి. విలేజ్ వాయిస్ అనే న్యూయార్క్ పత్రిక విమర్శకుల మధ్య పెట్టే పోల్‌లో ఆ ఏడాది మొదటి స్థానం. పదేళ్ల తర్వాత పెద్ద కంపెనీకి వెళ్లి పాప్ ఆల్బమ్ చేస్తే పిచ్‌ఫోర్క్ 0.0 వేసింది. రాసినాయన 2019లో బహిరంగంగా సారీ చెప్పాడు, 2021లో ఆ పత్రికే దాన్ని 6.0కి మార్చింది. కాబట్టి స్కోరు రాసేటప్పుడు ఏ రోజు స్కోరో కూడా రాయాలి, లేదంటే రేపు ఎవరో వచ్చి మీది తప్పంటారు, మీ దగ్గర చూపించడానికేమీ ఉండదు.

రాయడానికి కూర్చున్నప్పుడు పద్ధతి సింపుల్. ఒక్కో ఆల్బమ్‌కి ఒక పేరా, అందులో మొదటి వాక్యం ఆల్బమ్ ఎప్పుడు ఎలా వచ్చిందో, రెండోది ఎవరు రాశారో, తర్వాత ఇద్దరు ముగ్గురు వేరు వేరుగా ఏమన్నారో, పేర్లతో. "విమర్శకులు అన్నారు" అని గుంపుగా రాస్తే ఎవరూ అనలేదన్నమాటే. 2025 మే నెలలో వచ్చిన ది స్కాలర్స్‌తో ప్రాక్టీస్ చేయండి, అది బెస్ట్, ఎందుకంటే రివ్యూలన్నీ ఇంకా నెట్‌లో తాజాగా ఉన్నాయి. ఊహల్లోని ఒక యూనివర్సిటీలో జరిగే రాక్ ఒపేరా, అంటే పాటలన్నీ కలిసి ఒక కథ చెప్పే ఆల్బమ్, అందులో ఒక పాట పద్దెనిమిది నిమిషాలు దాటుతుంది. ఆ నిడివి కొందరికి బలం, కొందరికి భారం, కాబట్టి ఒకే విషయం మీద రెండు అభిప్రాయాలు పక్కపక్కన పెట్టడం ఇక్కడ తేలిక.

చివరిగా, లింకు దొరికిన రోజే, వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషిన్‌లో సేవ్ చేసి ఆ అడ్రస్ కూడా షీట్‌లో పెట్టుకోండి. సంగీతం సైట్లకి ఆయుష్షు తక్కువ. పిచ్‌ఫోర్క్ అంతటిదాన్నే 2024 జనవరిలో జీక్యూ పత్రికలో కలిపేస్తున్నామని యాజమాన్యం ప్రకటించింది. నా పాత షీట్‌లో ఇరవై ఒక్క లింకులు ఉంటే మొన్న నొక్కి చూశాను, ఆరు తెరుచుకోలేదు, అందులో రెండు నేను తప్పుగా వాడుకున్న ఆ ట్విన్ ఫాంటసీ రివ్యూలే.