జ్వరాల కాలంలో వదలని తలనొప్పి: ఆడవాళ్లున్న ఇంట్లో తెలియాల్సిన జాగ్రత్తలు

2021 వేసవిలో కరోనా రెండో వేవ్ నడిచినప్పుడు అందరి చూపూ ఆక్సిజన్ రీడింగ్ మీదే ఉండేది. ఆ వైరస్ ఊపిరితిత్తులతో ఆగదు, రక్తం గడ్డకట్టే గుణాన్నీ పెంచుతుంది. అరుదుగానైనా ఆ గడ్డ మెదడు సిరల్లో పడుతుంది. మెదడు నుంచి కిందికి దిగాల్సిన రక్తానికి దారి మూసుకుపోయి, లోపల ఒత్తిడి పెరిగి, మెదడు వాస్తుంది. ఒక్కోసారి రక్తస్రావమూ అవుతుంది. వదలని తలనొప్పే దీని ముఖ్యమైన గుర్తు. మామూలు పక్షవాతం పెద్దవయసులో ఎక్కువ. ఈ సిరల గడ్డ మాత్రం ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకే వస్తుంది. కాబట్టి ఇలాంటి వైరస్ మళ్లీ ఊరిమీద పడితే ఇంట్లో తాతనే కాదు, కోడలినీ కనిపెట్టి ఉండాలి.

తిరుపతిలో ఉంటున్నాం కాబట్టి ముందు నెలసరి వాయిదా మాత్రల సంగతి. దర్శనం టికెట్ తేదీ దగ్గరపడగానే మందుల షాపులో "డేట్ వాయిదా మాత్రలు ఇవ్వన్నా" అంటే చాలు, చీటీ అడగకుండానే స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేస్తారు. అందులో సాధారణంగా ఉండేది నోరెథిస్టెరాన్. రోజుకు మూడు చొప్పున వేసుకుంటే అందులో కొంత ఒంట్లో ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్‌గా మారుతుంది, గడ్డలకు దోవ చూపేది అదే. దానికి తోడు జ్వరం, సరిగా తాగని నీళ్లు, ఆపైన ఎండలో అలిపిరి నుంచి 3,550 మెట్లు. జ్వరం ఉన్నప్పుడూ, తగ్గిన కొత్తలోనూ డాక్టరును అడగకుండా ఈ మాత్రల జోలికి పోవద్దు. ఇంట్లో ఎవరికైనా గతంలో రక్తం గడ్డకట్టి ఉంటే అసలే వద్దు. దర్శనం ఇంకో నెలకు పెట్టుకోండి, స్వామి ఎక్కడికీ పోడు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు కూడా జ్వరం రాగానే ఆ మాట డాక్టరు చెవిన వేయాలి.

ఇక బాలింతలు. కాన్పు తర్వాత ఆరు వారాలు రక్తం ఎలాగూ తేలిగ్గా గడ్డకడుతుంది. అలాంటి సమయంలో పల్లెల్లో "నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందమ్మా" అని కారం ముద్దలు పెట్టి, చెంబు మాత్రం దూరంగా జరుపుతారు. పథ్యం తిండి మీ ఇష్టం, నీళ్ల దగ్గర మాత్రం పెద్దవాళ్ల మాట వినొద్దు. సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇచ్చాక వచ్చే తలనొప్పి లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గుతుంది. అది పడుకున్నా తగ్గకుండా రోజంతా పట్టుకుంటే, లేదా పడుకుంటేనే, దగ్గితేనే ఎక్కువైతే మెదడులో గడ్డేమోనని అనుమానించాలి. శొంఠి పట్టు వేసి, తలకు గుడ్డ బిగించి మరో రోజు చూద్దామనుకోకండి.

తలనొప్పితో పాటు వాంతులు, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మగతగా ఉండటం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే గాలి సోకిందని దిగదుడుపులతో పూట పోగొట్టవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. న్యూరాలజీ డాక్టరూ స్కానింగూ ఉన్న చోటికే పోవాలి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర.

అక్కడ గట్టిగా అడగాల్సిన మాట ఒకటుంది. మామూలు సీటీ స్కాన్‌లో ఈ గడ్డ చాలాసార్లు కనబడదు. "సీటీ నార్మల్" అన్నా తలనొప్పి వదలకపోతే, సిరలను చూపించే వీనోగ్రామ్ అవసరమా అని అడగండి. జ్వరం ఎప్పుడొచ్చింది, కాన్పు ఎప్పుడైంది, ఏ మాత్రలు వేసుకుంది, టీకా ఏ రోజు వేయించుకుంది, అన్నీ చెప్పండి. కోవిషీల్డ్ లాంటి టీకా తర్వాత తొలి నెలలో, బహు అరుదుగా, ప్లేట్‌లెట్లు పడిపోతూ గడ్డలు వచ్చే రకం ఒకటుంది. దాని వైద్యం వేరు, అందుకే తేదీ కావాలి.

వైద్యం సాధారణంగా రక్తం గడ్డకట్టకుండా చూసే ఇంజెక్షన్ హెపారిన్‌తో మొదలవుతుంది. మెదడులో కాస్త రక్తస్రావం ఉన్నా ఇస్తారు, కంగారు పడొద్దు. తర్వాత అదే పని చేసే మాత్రలు మూడు నెలల నుంచి ఏడాది దాకా. వార్‌ఫరిన్ అయితే రక్తపరీక్ష తప్పించకూడదు. ఈ మాత్ర వేసుకుంటున్నామని ఆకుకూర మానక్కర్లేదు, ఒక వారం రోజూ తిని మరో వారం పూర్తిగా ఆపేయడమే చేటు. హెపారిన్, వార్‌ఫరిన్ వాడుతున్నా బిడ్డకు పాలివ్వచ్చు. ఈ జబ్బు రాకుండా ఉంటుందని వాట్సాప్ చూసి ఆస్పిరిన్ వేసుకోవడం మాత్రం దండగ, పైగా కడుపులో పుండు ఉన్నవాళ్లకు ప్రమాదం.

ఒకసారి ఇది వచ్చి తగ్గినవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు మళ్లీ ముట్టకూడదు. బిడ్డల ఎడం కోసం కాపర్-టీ లాంటివి గైనకాలజిస్టుతో మాట్లాడుకోవాలి. మళ్లీ నెల తప్పితే మొదటి వారాల్లోనే పాత కాగితాలన్నీ పట్టుకుని వెళ్లాలి.