రెటీనా సూక్ష్మనాళాల చిత్రాలు చదవడం – ఐదో పాఠం: నలుపు ఎందుకు వచ్చింది?

గత పాఠం చివర ఇచ్చిన మధుమేహ రోగి ఓసీటీ ఆంజియోగ్రఫీ (కాంతితో రెటీనాను స్కాన్ చేసి రక్తప్రవాహాన్ని చూపే పద్ధతి) చిత్రంలో, ఫోవియాకు (రెటీనా నడుమ చూపు అత్యంత స్పష్టంగా ఉండే చోటు) కాస్త పైనున్న నల్లమచ్చను మీలో చాలామంది కేశనాళికలు మూసుకుపోయిన ప్రాంతంగా గుర్తించారు. నిజానికి అది విట్రియస్‌లో, అంటే కంటి లోపలి జెల్లీలో, తేలే మచ్చ నీడ. ఫోవియా నడుమ ఉండే సహజమైన నాళరహిత ప్రాంతాన్ని కూడా వ్యాధిగా రాసినవారు రెండో పాఠం మళ్లీ చదవాలి. నాళ సాంద్రత (ఎంత భాగంలో నాళాలు ఉన్నాయన్నది) లెక్కలను ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఈ నలుపు సంగతి తేల్చుకుందాం.

ఫ్లోరెసీన్ పరీక్షలో లాగా ఇక్కడ నరంలోకి రంగు ఎక్కించరు. యంత్రం ఒకే చోట వెంటవెంటనే తీసిన స్కాన్లను పోల్చి, మార్పు ఉన్న చోటును తెల్లగా, లేని చోటును నల్లగా చూపుతుంది. ఆ మార్పు ప్రధానంగా ఎర్రరక్తకణాల కదలిక వల్ల వస్తుంది. కనుక నలుపు చెప్పేది అక్కడ కదలిక నమోదు కాలేదన్నంత వరకే. నాళం నిజంగానే మూసుకుపోయి ఉండవచ్చు, రక్తం యంత్రానికి అందనంత నెమ్మదిగా పారుతూ ఉండవచ్చు, శుక్లమో కంటిపాప అంచో కాంతిని అడ్డగించి ఉండవచ్చు, వాపు వల్ల రెటీనా పొరలను విడదీస్తూ యంత్రం గీసే గీత తప్పు లోతులో పడి ఉండవచ్చు. ఫ్లోరెసీన్‌లో వెలిగే మైక్రోఎన్యూరిజమ్‌లు (కేశనాళికల గోడల్లోని చిన్న ఉబ్బులు) కొన్ని ఇందులో కనిపించకపోవడానికి ఆ నెమ్మది ప్రవాహమే ఒక కారణం.

నీడను పట్టుకోవాలంటే అదే చోట ప్రవాహ సమాచారం కలపని మామూలు ఓసీటీ చిత్రాన్ని చూడాలి. అక్కడా మచ్చ నల్లగానే ఉండి, అడ్డుకోత స్కాన్‌లో పైపొర నుంచి కోరాయిడ్ (రెటీనా కింది రక్తనాళాల పొర) వరకు ఒకే నిలువు చీకటి కనిపిస్తే అది చాలావరకు నీడే. నీడ పెద్ద నాళాలను కూడా మసకబారుస్తుంది. కేశనాళికలు మాత్రమే పోయినచోట పక్కనున్న పెద్ద నాళం స్పష్టంగానే ఉంటుంది. స్కాన్ నాణ్యతను తెలిపే సిగ్నల్ అంకె బాగుందన్న ధీమా చాలదు, ఎందుకంటే అది మొత్తం స్కాన్‌కు సంబంధించినది, ఒక మూలనున్న నీడ అందులో కలిసిపోతుంది. రంగురంగుల నాళ సాంద్రతా పటాన్ని నేను అన్నిటికన్నా చివర తెరుస్తాను. అది ముందే చూస్తే కన్ను దాని మాటే వింటుంది.

అభ్యాసానికి మీ శిక్షణ కేంద్రంలోని పది స్కాన్లు తీసుకుని, ప్రతి నల్లమచ్చకూ పై కారణాల్లో ఏది సరిపోతుందో, ఏ ఆధారంతో చెబుతున్నారో రాయండి. ఎటూ తేలకపోతే తేలలేదనే రాయండి. వీలైతే రోగిని కన్ను పైకీ కిందికీ తిప్పమని మళ్లీ స్కాన్ తీయించండి. విట్రియస్ మచ్చ నీడ అయితే తరచుగా చోటు మారుతుంది.