ఇసిద్రో లాంగరా గోల్స్‌ను ఎలా లెక్కించాలి?

రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలపు ఫుట్‌బాల్ స్ట్రైకర్ (ప్రధానంగా గోల్స్ కొట్టే ఆటగాడు) స్థాయి తెలుసుకోవాలంటే అతని గోల్స్ అన్నింటినీ కూడి ఒక పెద్ద సంఖ్య తేల్చడం కన్నా, సీజన్‌కొక వరుస చొప్పున పట్టిక గీసి, లీగ్ పేరు, జట్టు ఆడవలసిన మ్యాచ్‌లు, గోల్స్, అప్పటి వయసు రాసుకోవడం మేలు. 1912లో స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు పసాయాలో పుట్టిన ఇసిద్రో లాంగరా ఇందుకు చక్కని ఉదాహరణ.

అతను ఆడిన స్పానిష్ క్లబ్ ఓవియెడో జట్టు రెండో డివిజన్‌లో ఉన్నప్పటి గోల్స్‌ను ముందుగా వేరుచేయాలి. 1933లో ఆ జట్టు మొదటి డివిజన్‌కు చేరాక లాంగరా వరుసగా 27, 26, 27 గోల్స్‌తో మూడు సీజన్లలోనూ అగ్రస్థానంలో నిలిచాడు. సంఖ్యలు దాదాపు ఒకటే అయినా వాటి విలువ ఒకటి కాదు: మొదటి సీజన్‌లో పది జట్లే ఉన్నందున ఒక్కో జట్టుకు 18 మ్యాచ్‌లే దక్కగా, తర్వాతి రెండు సీజన్లలో 22 చొప్పున ఉన్నాయి. మొదటి లెక్కను నేటి 38 మ్యాచ్‌లకు పెంచి చూస్తే 57 వస్తుంది. అది సరదాకే తప్ప పోలికకు పనికిరాదు. పాత ఆటగాళ్లతో పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం, ఎందుకంటే 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన (దాడి చేసే ఆటగాడు ప్రత్యర్థి రక్షకులను దాటి ముందే గోల్ దగ్గర కాచుకోకుండా ఆపేది) సడలి గోల్స్ పెరిగాయి, స్పానిష్ లీగ్ మొదలైందే 1929లో.

దేశం తరఫున 12 మ్యాచ్‌లలో 17 గోల్స్ అన్న లెక్కను విడదీసి చూడాలి. 1934 మార్చిలో వారం వ్యవధిలో పోర్చుగల్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లలోనే ఏడు వచ్చాయి. 9-0తో గెలిచిన మొదటి మ్యాచ్‌లో ఐదు అతనివే. వాటిని తీసేసినా పది మ్యాచ్‌లకు పది మిగులుతాయి, అందులో రెండు ఆ ఏటి ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌పై కొట్టినవి. నా దృష్టిలో అతని నిలకడకు ఈ మిగులే గట్టి సాక్ష్యం.

1936లో అంతర్యుద్ధం మొదలై స్పానిష్ లీగ్ ఆగిపోయినప్పుడు అతనికి 24 ఏళ్లు. పట్టికలో ఆ యుద్ధ కాలపు వరుసలను ఖాళీగా వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. బాస్క్ జట్టుతో విదేశీ పర్యటనకు వెళ్లిన అతను మెక్సికోలో ఆడి, 1939 మే 21న అర్జెంటీనాలో శాన్ లొరెంజో తరఫున తొలిసారి బరిలోకి దిగి రివర్ ప్లేట్‌పై నాలుగు గోల్స్ కొట్టాడు. ఆ మ్యాచ్ 4-2తో ముగిసింది, అంటే జట్టు గోల్స్ అన్నీ అతనివే. 1940లో 33 గోల్స్‌తో అర్జెంటీనా లీగ్‌లో మొదటి స్థానాన్ని మరొకరితో పంచుకున్నాడు కనుక అక్కడ ‘ఉమ్మడి’ అని రాసుకోవాలి. తర్వాత మెక్సికోలో రియల్ క్లబ్ ఎస్పాన్యా తరఫునా అతను టాప్ స్కోరర్ అయ్యాడు. ఈ మూడు లీగ్‌ల గోల్స్‌ను ఎక్కడా కలపవద్దు.

1946లో ఓవియెడోకు తిరిగివచ్చి ఆడిన రెండు సీజన్లకూ విడి వరుసలే ఉండాలి. వాటి పక్కన వయసు గడిలో 34, 35 అన్న అంకెలు కనబడితే, యుద్ధానికి ముందరి వరుసలతో వాటిని ఎలా పోల్చాలో అవే చెబుతాయి.