వాన వెలిసినా ట్రయిల్ మీద ఒకేచోట బురద: సమస్య - పరిష్కారం

వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల వంటి చోట్ల మౌంటెన్ బైక్ తొక్కేవారు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నన్ను అడిగేది ఒకటే: వాన వెలిసి నాలుగు రోజులైంది, దారంతా ఆరింది, అయినా ఫలానా మలుపులో బురద ఎందుకు తగ్గదు? అడిగిన ప్రతివారూ మట్టినే నిందిస్తారు. దారి నడుమ ఒక సీసాడు నీళ్లు పోసి, అవి ఎటు పారుతున్నాయో చూసి రమ్మని చెబుతాను. ఆ పని చేసి వచ్చినవారు అరుదు.

నీళ్లు లోయ వైపు జారిపోతే అప్పుడు మట్టి సంగతి ఆలోచించవచ్చు. దారి వెంబడే పారితే మాత్రం కారణం అంచుగట్టు. గుట్టవాలుకు అడ్డంగా సాగే దారిలో నడుమ భాగం చక్రాల కింద అణిగి పళ్లెంలా గుంటపడుతుంది, పక్కకు ఒత్తుకుపోయిన మట్టి లోయ వైపు అంచున బెత్తెడు ఎత్తున పేరుకుంటుంది, దాని మీద గడ్డి మొలిచాక అది మొదటినుంచీ ఉన్న నేలలాగే కనబడుతుంది. బయటికి పోయే తోవ లేని నీరు దారినే కాలువ చేసుకుని, మొదట దొరికిన పల్లంలో మడుగు కడుతుంది. ఈ సంగతి పట్టుకోలేక మేము రెండు వానాకాలాలు ఆ మడుగులో మొరం పోశాం. ఆ మొరమంతా కింది మలుపులో తేలింది, మడుగు పదడుగులు ముందుకు జరిగింది.

పరిష్కారం మడుగులో లేదు, దాని ఎగువన ఉంది. అంచుగట్టును పారతో పూర్తిగా చెక్కి, గడ్డివేళ్లు ఏరేసిన మట్టిని నడిమి గుంటలో నింపి, దిమ్మిసతో కొట్టి, దారి వెడల్పులో మీటరుకు సుమారు 5 సెంటీమీటర్లు లోయ వైపు వాలేలా తీర్చాలి. గట్టుకు అక్కడక్కడ గండ్లు కొట్టి ఊరుకుంటే అవి ఆకులతో, పూడికతో త్వరలోనే మూసుకుపోతాయి. దారి పొడవునా ఉండే వాలు గుట్టవాలులో సగానికి మించిన చోట అంచు చెక్కినా నీరు దారి వెంటే పోతుంది కనుక, అక్కడ దారినే మార్చక తప్పదు. ఈలోగా మడుగును తప్పించి పక్కనుంచి తొక్కేవారు దారిని బండ్లబాటంత వెడల్పు చేస్తున్నారని గుర్తించాలి.

బురద టైరుకూ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగకపోతే అది నీటిని పీల్చి ఉబ్బే నల్లరేగడి. ఏ టైరు మార్చినా దానితో వేగడం కష్టం, ఆరేదాకా ఆగాలి. పైపొర ఎండినట్టు కనిపించినా మడమతో నొక్కి, దిగబడకపోతేనే బండెక్కాలి.

ఎండాకాలంలో ముందు చక్రం మలుపులో జారడానికి కారణం గట్టి నేల మీద పరచుకున్న మొరం గుళికలు. టైరులో గాలి కాస్త తగ్గించి, బ్రేకు మలుపుకు ముందే వేస్తే సరిపోతుంది.

వానలతో నిమిత్తం లేకుండా నడివేసవిలోనూ ఒక చోట తడి కనబడితే అది ఊట, అక్కడ దారిని దానికి ఎగువకు జరపాలి.