తిప్పతీగ కషాయం కాచే ముందు

ముందు తీగ ఏదో తేల్చుకోండి. తిప్పతీగ ఆకు హృదయాకారంలో ఉంటుంది, కాండం మీద కాగితంలాంటి పలుచని పొర ఊడి వస్తుంది. కాండం నిండా బుడిపెలు ఉంటే అది దాని దగ్గరి చుట్టం, వేరే జాతి. దాన్ని వాడకండి. అనుమానముంటే కోయనే వద్దు.

లూపస్, కీళ్లవాతం, సోరియాసిస్, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. ఇది రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పుతుంది. ఇవి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే వీటిలో అసలు గొడవే ఆ వ్యవస్థ అతిగా పనిచేసి సొంత ఒంటి మీదే దాడి చేయడం. 2021లో ముంబై వైద్యులు, తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో కొందరికి ఆటోఇమ్యూన్ సమస్యలు ముందే ఉన్నాయి. తీగను తప్పుగా గుర్తించి ఉంటారని ఆయుష్ శాఖ అంది. వాదన ఎటు తేలినా, కాలేయ జబ్బున్నవాళ్లు దూరంగా ఉండటమే నా మాట.

కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్ లాంటి మందులు వేసుకునేవాళ్లకు అసలే వద్దు. షుగరు మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. గర్భిణులు, బాలింతలు మానేయాలి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపి, సర్జన్‌కు చెప్పండి.

"ఇమ్యూనిటీ కోసం" అని నెలల తరబడి తాగడం నాకు నచ్చదు. అందులో అశ్వగంధ కూడా కలిపితే, ఏది పడలేదో కనిపెట్టడం కష్టం.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపేసి కాలేయ పరీక్ష చేయించండి. తాగిన సంగతి డాక్టరు దగ్గర దాచకండి.