నాలుగో బెడ్‌రూమ్ నెలకు ఎంత లాగుతుంది? అడ్వాన్స్ ఇచ్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

హైదరాబాద్ శివార్లలో కోకాపేట, తెల్లాపూర్, కొల్లూరు ఎటు వెళ్లినా సేల్స్ ఆఫీసులో చెప్పేది ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు. గృహప్రవేశం అయ్యాక ఆ ఎస్‌ఎఫ్‌టీ నెలనెలా ఎంత అడుగుతుందో మనమే కాగితం మీద వేసుకోవాలి. నలుగురికి 1,600 సరిపోయే చోట నాలుగో బెడ్‌రూమ్ కోసం 2,400 ఎస్‌ఎఫ్‌టీ తీసుకుంటున్నారనుకుందాం.

మొదట మెయింటెనెన్స్. ఇది సూపర్ బిల్టప్ మీద పడుతుంది, అంటే కారిడార్, లిఫ్టు లాబీలో మీ వాటాకూ కడతారు. ఎస్‌ఎఫ్‌టీకి 3.50 చొప్పున చిన్న ఫ్లాటుకు నెలకు 5,600, పెద్దదానికి 8,400. మెలిక ఇక్కడే ఉంది. సొసైటీ ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటి, ఫ్లాటు మెయింటెనెన్స్ నెలకు 7,500 మించితే 18 శాతం జీఎస్టీ. పైన ఉన్న 900 మీద మాత్రమే కాదు, మొత్తం 8,400 మీదా వేయాలని కేంద్రం 2019లో ఇచ్చిన సర్క్యులర్. దాంతో 9,912 అవుతుంది. రెండు ఫ్లాట్లకూ తేడా ఏడాదికి 51,744 రూపాయలు. బ్రోషర్‌లో ఈ అంకె కనపడదు. అందుకే అక్కడ ఇప్పటికే ఉంటున్నవాళ్లను అడిగి మొన్నటి నెల బిల్లు చూడండి.

కార్పస్ ఫండ్ (సొసైటీ పెద్ద ఖర్చుల కోసం మొదట్లోనే ఒకసారి కట్టే డబ్బు) కూడా ఎస్‌ఎఫ్‌టీ లెక్కే. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ. ధర 40 లక్షలు పెరిగితే ఈ రెండూ కలిసి మరో 5 లక్షలు. ఆస్తి పన్నూ విస్తీర్ణాన్ని బట్టే. ఏప్రిల్‌లోనే ఏడాదంతా కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది.

కరెంటు. నెలకు 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 820. 201 అయితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడి 1,027 దాటుతుంది. 400 దాటాక యూనిట్ 9.50. మే నెలలో ఇంకో గదిలో ఏసీ రోజుకు 8 యూనిట్లు కాలిస్తే దానికే 2,356.

పెయింటింగ్‌కు కార్పెట్ ఏరియాను మూడు, మూడున్నరతో గుణించండి. గోడలు, సీలింగ్ కలిపి దాదాపు అంత వస్తుంది. 550 చదరపు అడుగుల కార్పెట్ పెరిగితే 1,650 నుంచి 1,900 చదరపు అడుగుల దాకా అదనంగా పెయింట్ వేయించాలి.

అమ్మానాన్నలు ఏటా నాలుగైదు నెలలు వచ్చి ఉండేవాళ్లయితే ఆ గది దండగ కాదు. పండక్కి వచ్చే చుట్టాల కోసమే అయితే వద్దు, సంక్రాంతికి మనమే ఊరెళ్తాం.

ఇప్పటికే తీసుకున్నారా? వాడని బాత్‌రూమ్‌ను అలా మూసి వదిలేయకండి. నహానీ ట్రాప్‌లో (నేల మీద జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నెలాంటిది) రెండంగుళాల నీళ్లే డ్రైనేజీ వాసనను, బొద్దింకలను ఆపుతాయి. ఎండాకాలంలో అవి ఆవిరైపోతాయి. చాలామంది పైపు లీకనుకుని టైల్స్ పగలగొట్టిస్తారు. వారానికోసారి ట్రాప్‌లో రెండు మగ్గుల నీళ్లు పోసి, కమోడ్ ఒకసారి ఫ్లష్ చేస్తే చాలు. నెల రోజులు ఊరెళ్తుంటే నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె వేయండి, తొందరగా ఆరవు. ఆ బాత్‌రూమ్ గీజర్‌కు ఎంసీబీ (కరెంటు బోర్డులోని బ్రేకర్ స్విచ్) ఆపేయండి. బోరు నీళ్లు వచ్చే చోట నెలకోసారి కుళాయిలన్నీ తిప్పకపోతే ఉప్పు పేరుకుని బిగుసుకుపోతాయి. వానాకాలంలో ఆ గది కిటికీ రోజుకు గంటసేపైనా తెరవండి. బీరువాను గోడకు జానెడు దూరం జరిపితే వెనక చెమ్మ పట్టిందా, చెదలు ఎక్కుతున్నాయా అన్నది కంటికి కనపడుతుంది.