నెట్ లేకపోయినా పెరట్లో లైటు వెలగాలి: రంగుల ఫ్లడ్‌లైట్లను లోకల్ కంట్రోల్‌లోకి తెచ్చుకునేటప్పుడు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తెనాలిలో మా ఇంట్లో కరెంటు పోయింది, నెట్ కూడా పోయింది. రూటర్‌నీ, పెరట్లో ఉన్న రెండు రంగుల ఫ్లడ్‌లైట్లనీ ఇన్వర్టర్ మీద పెట్టుకున్నాం కాబట్టి అవి మాత్రం ఆగలేదు. రాత్రి పెరట్లో ఏదో విరిగిపడిన చప్పుడైంది. లైటు వేసి చూద్దామని నాన్న ఫోన్ తీస్తే యాప్‌లో "డివైస్ ఆఫ్‌లైన్" అని వచ్చింది. లైటు పది అడుగుల దూరంలో ఉంది, వైఫై ఉంది, ఫోన్ చేతిలో ఉంది. కానీ లైటు వెలగాలంటే ఆ మాట ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి రావాలట. ఆయన టార్చి పట్టుకుని ఆ వానలోకే వెళ్లారు. లైట్లను లోకల్‌కి, అంటే బయటి సర్వర్ లేకుండా ఇంట్లోని వైఫై మీదే నడిచేలా మార్చాలని ఆ రాత్రే అనుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో నాలుగు, పిన్ని వాళ్లింట్లో రెండు లైట్లు నెట్‌తో సంబంధం లేకుండా హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోనే ఒక బాక్సులో ఉండి స్మార్ట్ పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తున్నాయి. మార్చేటప్పుడు వచ్చిన ఇబ్బందుల కంటే మార్చాక వచ్చినవే ఎక్కువ. మన దగ్గర కరెంటు పోయి వచ్చే తీరుకీ, ఈ లైట్ల డిఫాల్ట్ సెట్టింగులకీ పొంతన ఉండదు. ముఖ్యంగా దాని కోసమే ఇది రాస్తున్నాను.

హోమ్ అసిస్టెంట్‌లో లైటు అసలు కనపడట్లేదు

ముందు లైటు విప్పకుండా చేసే పద్ధతి చూద్దాం. మార్కెట్లో దొరికే రంగుల ఫ్లడ్‌లైట్లలో చాలావాటి లోపల తుయా అనే కంపెనీ వైఫై మాడ్యూలే ఉంటుంది. వాటిని హోమ్ అసిస్టెంట్‌కి కలపడానికి లోకల్ తుయా, తుయా లోకల్ అనే రెండు ఇంటిగ్రేషన్లు ఉన్నాయి. ఏది వాడినా ఆ లైటు తాలూకు లోకల్ కీ (లైటుతో నేరుగా మాట్లాడటానికి వాడే రహస్య కోడ్) కావాలి. తుయా డెవలపర్ సైట్‌లో ప్రాజెక్ట్ తెరిచి, మీ యాప్ అకౌంట్‌ని దానికి లింక్ చేస్తే ఆ కీ దొరుకుతుంది.

లింక్ చేశాక కూడా డివైస్‌ల జాబితా ఖాళీగా ఉంటే, ముందు డేటా సెంటర్ చూడండి. యాప్‌లో భారత్ ఎంచుకుని అకౌంట్ తెరిచినవాళ్లు ప్రాజెక్ట్‌లో కూడా ఇండియా డేటా సెంటర్‌నే టిక్ చేయాలి. అక్కడ యూరప్ అనో అమెరికా అనో ఉంటే ఒక్క లైటూ కనపడదు, ఎర్రర్ కూడా రాదు. దీని మీదే నాకు ఒక సాయంత్రమంతా పోయింది.

కీ దొరికినా కనెక్ట్ కాకపోతే మూడు కారణాలుంటాయి. ప్రోటోకాల్ వెర్షన్ తప్పు ఇచ్చి ఉండొచ్చు. 3.3 పనిచేయకపోతే 3.4, తర్వాత 3.5 ప్రయత్నించండి. లేదా లైటును యాప్‌లోంచి తీసేసి మళ్లీ జోడించి ఉండొచ్చు. జోడించిన ప్రతిసారీ కీ మారుతుంది, పాతది పనికిరాదు. మూడోది, ఫోన్‌లో యాప్ తెరిచే ఉండటం. ఈ లైట్లలో చాలావాటికి ఒకేసారి ఒక్క లోకల్ కనెక్షనే కుదురుతుంది. యాప్ మూసేసి మళ్లీ చూడండి.

డెవలపర్ సైట్‌లో ఉచిత గడువు అయిపోతుందని టెన్షన్ పడక్కర్లేదు. కీ ఒకసారి రాసిపెట్టుకున్నాక ఆ సైట్‌తో పని లేదు.

రూటర్‌లో లైటుకి నెట్ ఆపేశాక స్పందించట్లేదు

లోకల్‌గా బాగానే నడుస్తోంది కదా అని లైటుకి బయటి నెట్ బ్లాక్ చేస్తాం. కాసేపటికి అది మొద్దుబారిపోతుంది. పింగ్ చేస్తే (నెట్‌వర్క్‌లో ఉన్నావా అని అడిగితే) పలుకుతుంది కానీ ఆన్ అంటే ఆన్ కాదు. నెట్ ఆపినా డీఎన్ఎస్ (సర్వర్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది) తెరిచి ఉంచడమే దీనికి కారణం. సర్వర్ అడ్రస్ దొరుకుతోంది, సర్వర్ మాత్రం దొరకట్లేదు. ఆ మధ్య స్థితిలో లైటు ఇరుక్కుపోతుంది. ఇంట్లో రూటర్‌ని అడిగే డీఎన్ఎస్ రిక్వెస్టులు కూడా ఆ లైటుకి బ్లాక్ చేయండి, సరిపోతుంది.

ఇక్కడిదాకా చేసినవి బాగా నడుస్తుంటే లైటు విప్పొద్దని నా సలహా. వానలో ఉండే వస్తువుకి సీలు చెడగొట్టకుండా ఉంటేనే మేలు. కీ దొరకనప్పుడో, తరచూ మొండికేస్తున్నప్పుడో మాత్రమే ఫర్మ్‌వేర్ (లైటు చిప్పులో ఉండే సాఫ్ట్‌వేర్) మార్చే పనికి, అంటే ఫ్లాషింగ్‌కి వెళ్లండి.

ఫ్లాషింగ్ మొదలే కావట్లేదు

ఏ సమస్య సంగతి చూసే ముందైనా ఒక్క మాట. ఫ్లడ్‌లైటులో చిన్న సర్క్యూట్‌కి వచ్చే 3.3 వోల్టులు చాలాసార్లు 230 వోల్టుల మెయిన్ నుంచి పూర్తిగా విడదీసి ఉండవు. అంటే గ్రౌండ్ అని రాసి ఉన్న చోట కూడా ఫేజు ఉండొచ్చు. ప్లగ్ పెట్టి ఉండగా యూఎస్‌బీ వైరు తగిలిస్తే లాప్‌టాప్ పోతుంది, మనిషికే ప్రమాదం. వైరు పూర్తిగా ఊడదీసి, డ్రైవర్‌లో (ఎల్ఈడీలకు కరెంటు ఇచ్చే భాగంలో) పెద్ద కెపాసిటర్‌లో నిలిచిన ఛార్జి దిగేదాకా ఆగి, అప్పుడే ముట్టుకోండి. ఫ్లాషింగ్‌కి కరెంటు బయటి నుంచి 3.3 వోల్టులే ఇవ్వాలి, మెయిన్ నుంచి కాదు. ఈ పని మీద నమ్మకం లేకపోతే తెలిసిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చేత చేయించుకోండి.

కొన్ని లైట్లకు విప్పే అవసరం కూడా ఉండదు. బీకెన్ కంపెనీ చిప్పు, పాత ఫర్మ్‌వేర్ ఉన్నవాటిని తుయా క్లౌడ్‌కట్టర్ అనే టూల్ వైఫై మీదే మార్చేస్తుంది. కొత్త ఫర్మ్‌వేర్లలో ఆ దారి మూసేశారు. అందుకని లైటు కొన్నాక యాప్ అప్‌డేట్ అడిగితే ఒప్పుకోకుండా ముందు దీన్ని ప్రయత్నించండి.

విప్పాక మాడ్యూల్ మీద పేరు చదవండి. సీబీ2ఎస్, సీబీ3ఎస్, సీబీయూ లాంటివి బీకే7231ఎన్ చిప్పువి. డబ్ల్యూబీ3ఎస్ అని ఉంటే బీకే7231టీ. టీవైడబ్ల్యూఈ3ఎస్ అని ఉంటే ఈఎస్‌పీ8266. ఈఎస్‌పీ అయితే కంపెనీ ఫర్మ్‌వేర్ బదులు టస్మోటా గానీ ఈఎస్‌పీహోమ్ గానీ ఎక్కుతుంది. బీకెన్ అయితే అలాంటిదే అయిన ఓపెన్‌బీకెన్ ఎక్కించొచ్చు, లేదా ఈఎస్‌పీహోమ్. 2023 సెప్టెంబరు వెర్షన్ నుంచి ఈఎస్‌పీహోమ్ బీకెన్ చిప్పులకీ పనిచేస్తోంది.

వైర్లన్నీ సరిగానే ఉన్నా లింక్ దొరకట్లేదంటే నేను ముందు అనుమానించేది కరెంటునే. కంప్యూటర్‌ని మాడ్యూల్‌కి కలిపే యూఎస్‌బీ సీరియల్ బోర్డుల్లో ఎఫ్‌టీ232ఆర్ఎల్ చిప్పు ఇచ్చే 3.3 వోల్టుల పిన్ను నుంచి 50 మిల్లీఆంపులే వస్తాయి. వైఫై చిప్పు లేవగానే అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, చిప్పు మళ్లీ మొదటికి వస్తుంది. మీరేమో వైర్లు అటూ ఇటూ మారుస్తూ కూర్చుంటారు. ఏఎంఎస్1117 3.3 వోల్టుల రెగ్యులేటర్ బోర్డు ఒకటి తెచ్చి దాన్నుంచి కరెంటు ఇవ్వండి. రెండు బోర్డుల గ్రౌండ్లనూ కలపడం మర్చిపోవద్దు.

కరెంటు బాగుంటే తర్వాత చూడాల్సింది రీసెట్. బీకెన్‌లో సాఫ్ట్‌వేర్ లింక్ కోసం వెతుకుతున్నప్పుడే సీఈఎన్ పిన్నుని ఒక్క క్షణం గ్రౌండ్‌కి తాకించి వదలాలి. ఈఎస్‌పీ8266లో జీపీఐఓ 0 పిన్నుని గ్రౌండ్‌కి పట్టి ఉంచి, అప్పుడు కరెంటు ఇవ్వాలి. బోర్డు మీద ఇంకో చిన్న కంట్రోలర్ చిప్పు ఉండి అదే ఆర్ఎక్స్, టీఎక్స్ (డేటా అందుకునే, పంపే) గీతల మీద మాట్లాడుతుంటే మీ మాట వినపడదు. అప్పుడు మాడ్యూల్‌ని బోర్డు నుంచి ఊడదీసి విడిగా ఫ్లాష్ చేయడమే తేలిక.

లింక్ దొరకగానే కొత్తది ఎక్కించొద్దు. ముందు పాత ఫర్మ్‌వేర్ మొత్తం చదివి దాచుకోండి. బీకే7231లో అది 2 ఎంబీ. ఏ పిన్ను ఏ రంగుదో చాలాసార్లు ఆ ఫైల్లోంచే బయటపడుతుంది.

ఎరుపు అంటే ఆకుపచ్చ వెలుగుతోంది

పిన్నులు తారుమారయ్యాయి, అంతే. ఒక్కో ఛానెల్‌ని విడివిడిగా వెలిగించి ఏది ఏ రంగో కాగితం మీద రాసుకోండి, దాని ప్రకారం పిన్ను నంబర్లు మార్చండి.

ఏ రంగూ వెలగకపోతే మాత్రం వేరే సంగతి. బోర్డు మీద బీపీ5758డీ, ఎస్ఎం2135, ఎస్ఎం2235 లాంటి డ్రైవర్ చిప్పు ఉందేమో ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. వాటికి పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వెలుగు పెంచి తగ్గించే సిగ్నల్) ఇస్తే పనిచేయవు. ఆ చిప్పు పేరుతో ఉన్న కాంపొనెంట్‌నే కాన్ఫిగరేషన్‌లో పెట్టాలి.

కాసేపు వెలిగి తనంతట తానే ఆరిపోతోంది

తెలుపు, రంగులు అన్నీ కలిపి ఫుల్‌గా వెలిగిస్తున్నారేమో చూడండి. కంపెనీ ఫర్మ్‌వేర్ సాధారణంగా రెండింట్లో ఒకదాన్నే వెలిగిస్తుంది, లోపలి పవర్ సప్లై కూడా అంతవరకే సరిపోతుంది. ఈఎస్‌పీహోమ్‌లో కలర్ ఇంటర్‌లాక్‌ని ట్రూ చేయండి. అయినా ఒళ్లు కాలేంత వేడెక్కుతుంటే ఔట్‌పుట్ మ్యాక్స్ పవర్‌ని 80 శాతానికి తగ్గించండి. కంటికి తేడా పెద్దగా తెలియదు.

కరెంటు రాగానే అర్ధరాత్రి అన్నీ వెలిగిపోతున్నాయి

అసలు తలనొప్పి ఇది. కరెంటు వచ్చిన క్షణాన లైటు ఏం చేయాలో మనం చెప్పకపోతే అది దాని ఇష్టం. టస్మోటాలో పవర్ ఆన్ స్టేట్ డిఫాల్ట్ 3, అంటే పోయేముందు ఎలా ఉందో అలాగే వస్తుంది. సాయంత్రం ఏడింటికి వెలిగి ఉండగా కరెంటు పోయి, తెల్లారి ఆరింటికి వస్తే ఎండలో వెలుగుతూ కూర్చుంటుంది. దాన్ని 0 చేస్తే ఆరిపోయే వస్తుంది. ఈఎస్‌పీహోమ్‌లో రిస్టోర్ మోడ్‌ని ఆల్వేస్ ఆఫ్‌లో ఉంచండి.

కానీ అప్పుడు చీకట్లో కరెంటు వచ్చినా లైటు వెలగదు కదా? ఆ నిర్ణయం హోమ్ అసిస్టెంట్‌కి వదిలేయండి. లైటు "అన్‌అవైలబుల్" నుంచి "ఆఫ్"కి మారినప్పుడు, సూర్యుడు అస్తమించి ఉంటే ఆన్ చెయ్యి అని ఒక ఆటోమేషన్ రాస్తే చాలు. హోమ్ అసిస్టెంట్ బాక్సు, రూటర్ రెండూ ఇన్వర్టర్ మీద ఉండాలి. రూటర్ మామూలు కరెంటు మీద ఉంటే అది లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, లైటు అప్పటిదాకా దిక్కులు చూస్తూ ఉంటుంది.

అమ్మ విషయం వేరు. ఆవిడ పడుకునే ముందు గోడ మీద స్విచ్ ఆపేస్తుంది, నలభై ఏళ్ల అలవాటు. తప్పు ఆవిడది కాదు, గోడ మీద స్విచ్ ఉంటే నొక్కడానికే. మేం ఆ స్విచ్ పెట్టె మూసేసి, దాని మీదే బ్యాటరీతో నడిచే జిగ్బీ (వైఫై లాంటి ఇంకో వైర్‌లెస్ పద్ధతి) బటన్ అతికించాం. చెయ్యి వెళ్లేది పాత చోటికే, లైటుకి మాత్రం కరెంటు ఆగదు.

సెట్టింగులన్నీ చెరిగిపోయాయి

పిన్ని వాళ్ల ఊళ్లో ఒకరోజు లైను పని జరుగుతూ కరెంటు టపటపా పోయి వచ్చింది. సాయంత్రానికి రెండు లైట్లూ కొత్తగా కొన్నట్టు తయారయ్యాయి, వైఫై పేరు కూడా గుర్తులేదు. టస్మోటాలో ఒక రక్షణ ఉంది. పది సెకన్లలోపు వ్యవధితో వరుసగా ఆరుసార్లు ఆపి వేసి, ఏడోసారి ఆన్‌లో ఉంచితే అన్ని సెట్టింగులూ మొదటికి వెళ్తాయి. మనిషి కావాలని చేయాల్సిన పని అది, మన కరెంటు దానంతటదే చేసేస్తుంది. సెట్‌ఆప్షన్ 65ని 1 చేయండి, ఆగిపోతుంది. టస్మోటా పెట్టిన రోజే చేయాల్సిన పని ఇది. పైకప్పు ఎక్కి మళ్లీ దింపే బాధ తప్పుతుంది.

పావుగంటకోసారి లైటు ఒక్క క్షణం ఆరి వెలుగుతోంది

నాన్నే పట్టుకున్నారు దీన్ని. హోమ్ అసిస్టెంట్ బాక్సు చెడిపోయి రిపేరుకి ఇచ్చిన వారంలో, అరుగు మీద కూర్చుని గడియారం చూస్తూ "సరిగ్గా పదిహేను నిమిషాలకోసారి ఆడుతోంది చూడు" అన్నారు. అదే నిజం. ఈఎస్‌పీహోమ్‌లో ఏపీఐకి (హోమ్ అసిస్టెంట్ వచ్చి కలిసే దారికి) ఎవరూ కనెక్ట్ కాకపోతే 15 నిమిషాలకు చిప్పు తనను తాను రీబూట్ చేసుకుంటుంది. వైఫై దొరకకపోయినా అంతే. లోకల్ కంట్రోల్ అంటే సర్వర్ లేకపోయినా లైటు నిలకడగా ఉండాలి కదా. ఏపీఐ కింద ఒకటి, వైఫై కింద ఒకటి, రెండు చోట్లా రీబూట్ టైమౌట్‌ని 0 సెకన్లు చేయండి.

విప్పి బిగించాక సిగ్నల్ పడిపోయింది

ఈ లైట్ల ఒళ్లంతా అల్యూమినియం. వైఫైకి ఉన్న దారి ముందున్న అద్దం ఒక్కటే. తిరిగి బిగించేటప్పుడు మాడ్యూల్ కాస్త పక్కకి జరిగి, యాంటెన్నా గీత లోహానికి ఆనితే సిగ్నల్ పడిపోతుంది. మా లైట్లలో ఒకటి మైనస్ 62 నుంచి మైనస్ 81 డీబీఎంకి పడింది (సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). విప్పి చూస్తే మాడ్యూల్ వెనక వేసి ఉన్న తెల్లటి జిగురు ఊడి, అది వెనక్కి వాలి ఉంది. జిగురు వేసి నిలబెట్టాక మళ్లీ అరవైల్లోకి వచ్చింది. మైనస్ 75 కంటే కిందకి పడితే నమ్మకంగా నడవదని లెక్క వేసుకోండి. ఇంకో మాట: ఈ చిప్పులకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. రూటర్‌లో వైఫై సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునేలా మార్చండి.

అద్దం లోపల ఆవిరి పట్టింది

సీలు సరిగా కూర్చోలేదు. పాత రబ్బరు చిరిగితే సిలికాన్ వాడండి, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అది ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగి గీతల్ని తినేస్తుంది. డబ్బా మీద న్యూట్రల్ క్యూర్ అని ఉన్నది అడగండి. మూసే ముందు లోపల తడి లేకుండా ఆరబెట్టి, ఎర్త్ వైరు స్క్రూ లోహపు ఒంటికి గట్టిగా బిగిసి ఉందో లేదో చేత్తో లాగి చూడండి. సిలికాన్ పట్టించాక ఒక రోజంతా ఇంట్లో ఆరనిచ్చి, అప్పుడే గోడకి ఎక్కించండి.